విశ్రాంతి గది సంతకాల పుస్తకం

ఆ గదికి సంతకాల పుస్తకం పెట్టమని నాకెవరూ చెప్పలేదు. నేనే పెట్టాను. ఈ మాట మొదటే చెప్పుకోకపోతే తరువాత చెప్పడానికి ధైర్యం చాలదు.

గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉన్న భవనంలో నేను హౌస్‌కీపింగ్ పని చేస్తాను. కంపెనీ మనిషిని కాదు, ఏజెన్సీ మనిషిని. మెదక్ జిల్లాలో పదో తరగతి దాకా చదివాను. పెళ్ళయ్యాక బోరబండ వచ్చాను. మిగిలిన చదువంతా మా గల్లీ చివర ఉన్న శాఖా గ్రంథాలయంలో చదివిందే. గ్రంథాలయానికి శుక్రవారం సెలవు, నాకు ఆదివారం సెలవు. ఈ రెండూ ఒకే రోజు పడకపోవడం నా జీవితంలో జరిగిన మంచి విషయాల్లో ఒకటి. పదకొండేళ్లలో ఆరోగ్యం బీరువా, చరిత్ర బీరువా పూర్తి చేశాను. నవలల బీరువాలో పై రెండు అరలు మిగిలాయి. అక్కడ స్టూలు లేదు కాబట్టి మిగిలాయి.

గ్రంథాలయంలోకి అడుగుపెట్టగానే బల్ల మీద ఒక పెద్ద పుస్తకం ఉంటుంది. వచ్చినవాళ్ళు పేరు, వచ్చిన సమయం, వెళ్ళిన సమయం రాసి సంతకం పెట్టాలి. మొదట్లో నేను సిగ్గుపడి పెట్టేదాన్ని కాదు. గ్రంథపాలకుడు పెద్దాయన. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని నన్ను పిలిచారు.

"సంతకం పెట్టు బిడ్డా. ఈ సంతకాలే మనకు దిక్కు. పైనోళ్లు వచ్చినప్పుడు పుస్తకాలు చూడరు, గిదొక్కటి చూస్తరు. సంతకాలు లేకుంటె, ఎవలు వస్తలేరు గద అని తాళం ఏస్తరు."

ఆ తరువాత ఏళ్ళ తరబడి ఒక్క ఆదివారం కూడా సంతకం మానలేదు. నా సంతకం ఒక గది తలుపును తెరిచి ఉంచుతోందని నమ్మాను. చదువుకున్నదాంట్లో నిజంగా నా సొంతమైన పాఠం ఏదైనా ఉందంటే అదే అనుకునేదాన్ని.

రెండేళ్ల కిందట కంపెనీలో చాలామంది ఒకరి తరువాత ఒకరు ఉద్యోగం మానేశారు. ఒకబ్బాయి మీటింగు మధ్యలో లేచి, లాప్‌టాప్ బల్ల మీదే వదిలేసి, లిఫ్టు ఎక్కి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఆ తరువాతే అంతస్తంతా పోస్టర్లు అంటించారు. కింద పెద్ద హాల్లో బర్నౌట్ నివారణ మీద ఉపన్యాసం పెట్టారు. ఆ మాటకు అర్థం కోసం ఆదివారం గ్రంథాలయంలో నిఘంటువు తీశాను. అట్ట ఊడిపోయిన పాతది. అది అచ్చయిన నాటికి ఈ మాట ఇంకా పుట్టలేదేమో, దొరకలేదు.

ఉపన్యాసం రోజు ప్రతి కుర్చీలో ఒక మెత్తటి పసుపు బంతి పెట్టాం. మనసు బాగోనప్పుడు పిసకాలట. ముందు మాట్లాడే ఆవిడ గట్టిగా ఊపిరి పీల్చమంటే, వెనక వరుసల్లో ఊపిరి పీలుస్తూనే లాప్‌టాప్‌లో టైపు చేస్తున్నారు. అది అయిపోయాక బంతుల్లో సగం చెత్తబుట్టల్లో కనిపించాయి. నాతో పనిచేసే పెద్దమ్మ వాటిని ఏరి కడిగి, సంచి నిండా మనవలకు పట్టుకుపోయింది.

ఉపన్యాసం తరువాత ఐదో అంతస్తులో విశ్రాంతి గది తెరిచారు. నాలుగు వాలుకుర్చీలు, మందపాటి పరదాలు, నిమ్మగడ్డి వాసన వచ్చే ఒక చిన్న యంత్రం. మధ్యాహ్నం పన్నెండు నుంచి ఐదు దాకా ఆ గది చూసుకునే పని నాకు అప్పజెప్పారు. దుప్పట్లు మడవడం, చప్పుడు కాకుండా చూడడం, అడిగిన సమయానికి లేపడం. ఆ కుర్చీల్లో మేము కూర్చోకూడదని ఏజెన్సీ సూపర్‌వైజర్ ముందే చెప్పాడు.

పెద్దమ్మ గుమ్మంలోంచి తొంగి చూసి నవ్వింది. "వీళ్లు కూసోని అలిసిపోతరు, మనం నిలవడి అలిసిపోతం. కూసున్నోళ్లకేమో పండనీకి గది."

"మనకు లేదా పెద్దమ్మా?"

"ఎందుకు లేదు? మెట్ల కింద అట్టపెట్టె లేదా? తలుపు సందులకెల్లి ఏసీ గూడ తగుల్తది. ఇంకేం గావాలె నీకు?"

మొదటి వారం గదికి పెద్దగా ఎవరూ రాలేదు. నాకు భయం పట్టుకుంది. ఇంత మంచి గది, వాడేవాళ్ళు లేరని మూసేస్తారేమోనని. అప్పుడే స్టోర్ నుంచి ఒక గట్టి అట్ట పుస్తకం అడిగి తెచ్చుకున్నాను. స్కేలుతో గీతలు గీశాను. తేదీ, పేరు, జట్టు, వచ్చిన సమయం, వెళ్ళిన సమయం, సంతకం. గ్రంథాలయంలో ఉన్నట్టే. జట్టు అనే గడి మాత్రం నా సొంత ఆలోచన. అది చూసి సూపర్‌వైజర్ కూడా, "ఏందమ్మా, కలెక్టరాఫీసు లెక్క చేసినవ్," అన్నాడు. నాకది పొగడ్తలాగే వినిపించింది.

రోజూ వచ్చే మనిషి ఒకావిడ. ముప్పై అయిదేళ్ళుంటాయి. విజయవాడ వైపు ఆవిడ. కూతురి బడి కోసం బాచుపల్లిలో కిరాయికి ఉంటున్నారు. అక్కడి నుంచి ఇక్కడికి రావడానికే గంటన్నర పడుతుంది. పొద్దున బస్సులోనే మీటింగు మొదలవుతుంది, సాయంత్రం బస్సులోనూ మీటింగే. నా మనసులో ఆవిడ పేరు బాచుపల్లి మేడం.

సరిగ్గా రెండూ నలభైకి వచ్చేవారు. "ఇరవై నిమిషాలకి లేపండక్కా, ప్లీజ్," అనేవారు. కుర్చీ వాలేలోపే కళ్ళు మూతపడేవి. అంత తొందరగా నిద్రపోయే మనుషుల్ని నేను బిల్డింగు కట్టే కూలీలలోనే చూశాను. లేపడానికి నేనొక పద్ధతి కనిపెట్టాను. పేరు పెట్టి పిలిచినా, భుజం తట్టినా ఆవిడ ఉలిక్కిపడి ఫోను వెతుక్కునేవారు. అందుకని పరదా కొంచెం పక్కకు లాగేదాన్ని. వెలుతురు ముందు పాదాల మీద పడి, మెల్లగా మోకాళ్ళ దాకా వచ్చేది. వెలుతురు తగలగానే వేళ్ళు కదిపి, తనంతట తనే లేచేవారు. లేచిన ఆ ఒక్క నిమిషం ముఖం పదేళ్ళు తక్కువగా ఉండేది. తరువాత చెప్పులు వేసుకునేవారు, ముఖం మళ్ళీ మామూలుగా అయిపోయేది.

సంతకం పెట్టడం మాత్రం ఆవిడకు ఇష్టం ఉండేది కాదు.

"రోజూ ఎందుకక్కా? నేను వస్తానని మీకు తెలుసుగా."

"నాకు తెలిస్తే ఏం లాభం మేడం? జర పెట్టున్రి. మీరు పెట్టకుంటె ఈ గది ఉండది."

"మీరు మా అమ్మ కంటే స్ట్రిక్టక్కా," అని నవ్వి పెట్టేవారు. కొన్నిసార్లు పరుగెత్తుకుంటూ వెళ్ళిపోతే, సమయాలు నేనే నింపి, మర్నాడు ఆ గడి మీద వేలు పెట్టి సంతకం చేయించేదాన్ని. ఒక్క గడి కూడా ఖాళీగా ఉండనివ్వలేదు.

ఒకరోజు లేచాక, నా సంచిలో ఉన్న గ్రంథాలయం పుస్తకం చూసి చేతిలోకి తీసుకున్నారు. చిన్నప్పుడు పుస్తకం పట్టుకుంటే అన్నానికి కూడా లేచేవారు కాదట. "ఇప్పుడు ఒక పేజీ చదివితే పైన ఏముందో మర్చిపోతున్నానక్కా. బుర్రలో ఏదో అరిగిపోయింది," అన్నారు. అలసట వేరు, అరిగిపోవడం వేరు అని అప్పుడు నాకు తట్టింది. అలిసిన మనిషి నిద్రపోతే తేరుకుంటాడు. అరిగిన మనిషికి నిద్ర సగం దూరమే తీసుకుపోతుంది. మిగతా సగానికి ఏం కావాలో ఆరోగ్యం బీరువా అంతా చదివినా నాకు తెలియలేదు. ఆ పుస్తకం ఆవిడకే ఇచ్చాను. "నెమ్మదిగా చదువున్రి. గడువు అయితే మళ్ళీ నా పేరు మీదనే రాయించుకుంట," అన్నాను.

గది తెరిచిన నాలుగో నెలలో హెచ్.ఆర్. నుంచి ఒక సారు వచ్చాడు. చిన్నవాడు, నెమ్మదస్తుడు. మాలాంటివాళ్ళతో కూడా మీరు అని మాట్లాడేవాడు. గది ఎలా నడుస్తోందని అడిగాడు. నేను సంతకాల పుస్తకం తీసి చేతికిచ్చాను. అతడు నిలబడే నాలుగు పేజీలు తిప్పి, తరువాత స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఇదంతా మీరే రాశారా? ఎవరు నేర్పారు?"

"లైబ్రరీల నేర్చుకున్న సార్."

"మా దగ్గర ఇంత నీట్‌గా డేటా పెట్టేవాళ్ళు లేరండి. ఇది చూపిస్తే ఇంకో అంతస్తులో కూడా గది శాంక్షన్ చేయించొచ్చు."

ఆ మాటకు నా ఒళ్ళు తేలిపోయింది. గ్రంథపాలకుడు పైవాళ్ళకు సంతకాలు చూపించి ఇంకొక దినపత్రిక తెప్పించిన రోజు గుర్తొచ్చింది. అతడు ఫోనుతో పేజీలన్నీ ఫొటోలు తీసుకుంటూ, మామూలుగానే అడిగాడు.

"ఎక్కువ ఎవరు వస్తారు?"

అప్పుడు నేను ఊరుకోవచ్చు. పుస్తకంలో ఉంది చూడండి అనొచ్చు. కానీ గది కోసం వాదించే అవకాశం అనుకున్నాను. బాచుపల్లి మేడం పేరు చెప్పాను. చెప్పి ఊరుకోలేదు. "ఆ మేడం రోజు వస్తరు సార్. పాపం, మస్తు అలిసిపోయిన్రు. చదివింది గూడ మర్చిపోతున్న అంటరు. ఈ గది లేకుంటె ఆమె ఉద్యోగం చేయలేరు సార్," అన్నాను. గది ఎంత అవసరమో చెప్పడానికి నాకు దొరికిన గట్టి రుజువు ఆవిడే.

సారు తల ఊపాడు. "ఇలాంటివాళ్ళనే ముందుగా గుర్తించి సపోర్ట్ చెయ్యాలండి," అన్నాడు. అతడు అబద్ధం చెప్పాడని ఇప్పటికీ నేననుకోను.

ఆ తరువాత మూడు వారాలకు బాచుపల్లి మేడం రావడం మానేశారు. రెండూ నలభై అయ్యేది, దాటేది. మొదట సెలవు అనుకున్నాను. ఐదో రోజున కాఫీ యంత్రం దగ్గర కనిపించారు.

"వస్తలేరు మేడం? కుర్చీ ఖాళీగనే ఉంటుంది."

ఆవిడ చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "వద్దక్కా. సపోర్ట్ కావాల్సినవాళ్ళ లిస్టని మేనేజర్లకి పంపారంట. అందులో ముందు నా పేరే. లోడు తగ్గిస్తున్నామని మూడేళ్ళగా నేను చేసిన ప్రాజెక్టు తీసి వేరేవాళ్ళకిచ్చారు."

"పని తగ్గింది గద మేడం? మంచిదే గద?"

ఆవిడ నా ముఖంలోకి చూశారు. "పనేం తగ్గలేదక్కా. పేరొచ్చే పని పోయింది. ఎవరికీ అక్కర్లేని పనులన్నీ నా దగ్గరికొచ్చాయి. ఇప్పుడు నేను నిద్రపోతే ఇంకేమైనా ఉందా? కూర్చుని కళ్ళు మూసుకోవడానిక్కూడా భయమేస్తోంది."

గదిలోకి వెళ్ళి పుస్తకం తెరిచాను. పేజీ పేజీకి ఆవిడ సంతకం. మొదట పూర్తి పేరు, తరువాత తరువాత తొందరలో సగం పేరు, చివరికి ఒక గీత. ప్రతి గీత పక్కనా నా గుండ్రటి అక్షరాలతో సమయం.

మరో వారానికి పెద్దమ్మ నన్ను మూడో అంతస్తుకు పిలిచింది. ఆడవాళ్ళ బాత్రూంలో చివరి తలుపు అరగంట నుంచి గడియ వేసి ఉందట. తడితే, "ఐదు నిమిషాలండీ," అని వినిపించిందట.

"ఎవరో లోపల పండుకున్నది బిడ్డా. గురక గూడ వస్తుంది," అంది పెద్దమ్మ గుసగుసగా.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. బాచుపల్లి మేడం. గోడకు బిగించిన టిష్యూ పెట్టె అంచు గుర్తు నుదుటి మీద ఎర్రగా అచ్చుపడి ఉంది. మమ్మల్ని చూసి ముఖం కడుక్కున్నారు, ఏమీ జరగనట్టు జుట్టు సర్దుకున్నారు. వెళ్తూ వెళ్తూ, "సారీ అండీ," అన్నారు. ఎందుకో తెలియదు.

మర్నాటి నుంచి రెండూ నలభైకి నేను ఐదో అంతస్తు గది వదిలి మూడో అంతస్తుకు వెళ్ళేదాన్ని. ఆ గదిలో ఎలాగూ ఎవరూ ఉండేవారు కాదు. లిస్టు సంగతి అందరికీ తెలిసిపోయింది. ఆవిడ లోపలికి వెళ్ళగానే, శుభ్రం చేస్తున్నారు అని రాసి ఉండే పసుపు బోర్డు గుమ్మంలో పెట్టి, తడిగుడ్డ కర్ర పట్టుకుని నిలబడేదాన్ని. ఎవరైనా వస్తే కింది అంతస్తుకు పొమ్మనేదాన్ని. ఇరవై నిమిషాలు కాగానే కుళాయి తిప్పేదాన్ని. నీళ్ళ చప్పుడుకు ఆవిడ లేచేవారు. మేము దాని గురించి ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. దేన్నీ నేను ఎక్కడా రాయలేదు.

అది పదకొండు రోజులు సాగింది. పన్నెండో రోజు సూపర్‌వైజర్ వచ్చి బోర్డు ముందు నిలబడ్డాడు.

"రోజు ఇదే టైముకు ఏం క్లీనింగు నడుస్తుందమ్మా? ఎవరో కంప్లైంట్ పెట్టిన్రు. నీ గది ఐదో అంతస్తుల ఉంటె, నువ్వు మూడో అంతస్తుల ఏం చేస్తున్నవ్?"

"నీళ్లు కారుతున్నయన్నా."

"ఎక్కడ కారుతున్నయ్, చూపియ్యి." నేను కదలలేదు. "నన్ను పరేషాన్ చెయ్యకు. పోయి గది చూసుకో," అన్నాడు. బోర్డు మడిచి తీసుకుపోయాడు. నాకు కూడా ఉద్యోగం కావాలి. నేను పైకి వెళ్ళాను.

ఇంకో నెలకు ఉద్యోగుల పనితీరు సమీక్షలు అయ్యాయి. పెద్ద పనేదీ చేతిలో లేదు కాబట్టి ఆవిడకు తక్కువ మార్కులు పడ్డాయి. తక్కువ మార్కులు పడ్డాయి కాబట్టి, మీరే రాజీనామా ఇస్తే గౌరవంగా ఉంటుందన్నారట. ఇది నాకు చివరి రోజున ఆవిడే చెప్పారు. ఆ మధ్యాహ్నం లాప్‌టాప్ అప్పగించి, రెండూ నలభైకి విశ్రాంతి గదికి వచ్చారు. చేతిలో నేనిచ్చిన పుస్తకం.

"చదవలేకపోయానక్కా. మీ కార్డు మీద తెచ్చారు, ఫైన్ పడుతుందేమోనని."

"కూసోన్రి మేడం. ఇయ్యాల ఎవరేం అనరు. సంతకం గూడ వద్దు."

ఆవిడ కూర్చున్నారు, కానీ వెనక్కి వాలలేదు. ఎదురుగా బల్ల మీద నా పుస్తకం ఉంది. ఆవిడ చూపు దాని మీదే ఉంది. ఇక చెప్పకుండా ఉండలేకపోయాను.

"ఆ లిస్టు దీనికెల్లే పోయింది మేడం. సారు అడిగితే మీ పేరు నేనే చెప్పిన. మీరు బాగ అలిసిపోయిన్రని, చదివింది మర్చిపోతున్నరని గూడ నేనే చెప్పిన. గది ఉండాలని చెప్పిన."

నిమ్మగడ్డి యంత్రం ఒకసారి బుస్సుమంది. తిడతారని ఎదురు చూశాను. తిడితే బాగుండునని కోరుకున్నాను. తిట్టించుకుంటే నా తప్పు కొంత తీరుతుందని నా స్వార్థం.

"తెలుసక్కా," అన్నారు చివరికి. "మర్చిపోతున్నానని మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మేనేజరు అదే మాట నాకు తిప్పి చెప్పినప్పుడే తెలిసింది."

"మరి నన్ను ఒక్క మాట గూడ అనలేదేంది మేడం?"

"కోపం తెచ్చుకోడానిక్కూడా ఓపిక లేదండీ."

అక్కా అనలేదు, అండీ అన్నారు. లేచి, దుప్పటి అంచు ముడత పడితే సరిచేసి వెళ్ళిపోయారు. ఆ తరువాత ఆవిడ ఎక్కడ ఉన్నారో, బాచుపల్లిలోనే ఉన్నారో లేదో నాకు తెలియదు. అడగడానికి నా దగ్గర నంబరు లేదు. ఉన్నా ఏమని అడుగుతాను.

గది ఆ తరువాత రెండు నెలలు ఖాళీగా నడిచింది. రోజూ దుప్పట్లు విప్పి మళ్ళీ మడిచేదాన్ని. వాడకం లేదని వాలుకుర్చీలు తీసేసి, పాత కంప్యూటర్ల అట్టపెట్టెలు పెట్టారు. సంతకాలు లేకపోతే తాళం వేస్తారన్న మాట అక్కడ కూడా నిజమైంది. నేను భయపడిందే జరిగింది. జరగకుండా నేను చేసిన పని వల్లే జరిగింది. నన్ను మూడో అంతస్తుకు వేశారు. చివరి తలుపు కడిగేటప్పుడు టిష్యూ పెట్టె అంచు తుడవకుండా వదిలేయాలనిపిస్తుంది, కానీ తుడుస్తాను.

ఆవిడ వెళ్ళిపోయాక వచ్చిన మొదటి ఆదివారం పుస్తకం తిరిగి ఇవ్వడానికి గ్రంథాలయానికి వెళ్ళాను. గ్రంథపాలకుడు అట్ట తెరిచి చూశారు. పద్నాలుగో పేజీలో బస్సు టికెట్ ముక్క గుర్తుగా పెట్టి ఉంది.

"నీ పుస్తకంల ఇంత తొందరగ గుర్తు ఆగదు గద. చదవలేదా?"

"నేను కాదు సార్. వేరేవాళ్ళు."

"గట్లనా. నచ్చలేదా ఏంది వాళ్ళకు?"

టికెట్ ముక్క తీసి సంచిలో వేసుకున్నాను. ఆయన ఆ సంగతి వదిలేసి, ఎప్పటిలాగే పెద్ద పుస్తకం నా వైపు జరిపారు. "సంతకం పెట్టు బిడ్డా. వచ్చే వారం పైనోళ్లు వస్తరట చూడనీకి."

పెన్ను తీసుకున్నాను. గీతలు, గడులు, ఎవరివో పేర్లు, ఎవరివో సమయాలు. నా పేరులో మొదటి అక్షరం రాయబోతే చెయ్యి ముందుకు సాగలేదు. ఆయన అప్పుడే పత్రికలు సర్దడానికి లోపలికి వెళ్ళారు. పెన్నుకు మూత పెట్టి, పుస్తకం మడతలో పెట్టి, బయటికి వచ్చేశాను.

ఆ ఆదివారం గ్రంథాలయానికి వచ్చినవాళ్ళ లెక్కలో ఒక మనిషి తక్కువ.